నాగసానమ్మ ఇయ్యని కత్తి

నాగసానమ్మ అని ఒగ దొరసాని ఉండె. నల్లగుండ్ల కోట దొర ఎర్రమనాయని పెండ్లాము. కోట అంటే మీరు ఏనుగులు, పల్లకీలు, బంగారు మంచాలు అనుకునేరు, అంతొద్దు. మట్టిగోడ, మూలకొగ బురుజు, లోపల పశువులు, చుట్టూ కొన్ని పల్లెలు, అంతే. పైన యాడనో పెద్దరాజు ఉండాడు, ఆయనకు ఏటేటా కప్పం కట్టుకుంటా ఈయప్ప తన పల్లెల్ని తాను ఏలుకుంటా ఉండె. ఆ ఎర్రమనాయడు ఏమైందంటే, ఎండాకాలం చిరుతపులి వేటకు పోయినాడంట. పులి ఏమీ చేయల్యా. నిమ్మళంగా ఇంటికొచ్చి, ముంతెడు మజ్జిగ తాగి పండుకున్నోడు మల్ల లేయల్యా. నగొద్దే సుంకమ్మా, పులి నోట్లోంచి వచ్చినోడు మజ్జిగకు పోయినాడని ఊరంతా అనుకున్యారు గాని నగలేదు ఎవురూ. నగేదానికి వాండ్లకు తీరిక యాడిది? దొర పాయె, ఇంగ కత్తి ఎవురికి?

ఆ కోటలో ఒగ ఆచారం ఉండాది. కొత్త దొరకు పట్టం కట్టేది అయ్యగార్లు గాదు, దాయాదులు గాదు. తల్లి. పెద్దదినం అయినాక కోట కత్తిని తెచ్చి ఆయమ్మ చేతిలో పెడతారు. ఆయమ్మ కచేరి ముందర నిలబడి, అందురూ చూస్తా ఉండంగా, దాన్ని పెద్దకొడుకు చేతికియ్యాల. తల్లి చేత్తో ఇయ్యని కత్తి కత్తే గాదంట, దాంతో గడ్డి కోసుకోవచ్చంట. ఎవుడు ఎవునికి పుట్టినాడో, ఎవుడు ముందో ఎవుడు వెనకో, కన్నతల్లికి తెలీకుండా పోతుందా అని వాండ్ల ధైర్యం. ఆ ధైర్యమే ఆయమ్మ కొంప ముంచింది చూడండి.

నాగసానమ్మకు ఇద్దురు కొడుకులు. ఇద్దురూ ఒగే కానుపులో పుట్టినోళ్ళు, కవలలు. తొలికానుపు పుట్టినింట్లో గదా, మీకు తెలీందేముంది. ఆయమ్మ పుట్టిల్లు పెన్నేటి అవతల మద్దిపాళెం. ఆడనే కన్నాది. ఆ నొప్పులకు ప్రాణం పోయి ప్రాణం వచ్చె. నడాన తెలివి తప్పిపాయె. మల్ల కండ్లు తెరిచేసరికి ఈపక్క ఒగడు, ఆపక్క ఒగడు, ఇద్దురూ ఒగే గొంతుతో కేర్ కేర్మంటా ఉండారు. మంత్రసాని లింగవ్వ అప్పటికే ఒగనికి నల్ల మొలతాడు, ఇంగొగనికి ఎర్ర మొలతాడు కట్టి పెట్టింది. "ఇదో దొరసానమ్మా, నల్లతాడోడు పెద్దోడు, ఎర్రతాడోడు చిన్నోడు, కలిపేసుకునేవు, భద్రం" అని చెప్పి, చీర పెట్టించుకుని ఆయమ్మ దారిన ఆయమ్మ పాయె. నల్లతాడోనికి సింగప్ప అని, ఎర్రతాడోనికి కోనప్ప అని పేర్లు పెట్టుకున్యారు. మీసాలొచ్చేదాకా వాండ్లు ఒగే తట్టలో సంగటి తినినోళ్ళు. సింగప్పను కోనప్ప "అన్నా" అంటే, సింగప్ప ముద్ద తీసి వాని నోట్లో పెట్టేది. అట్లాంటి బిడ్డలు.

సరే, దొర దినాలకు బంధువులంతా వచ్చినారు. మద్దిపాళెం నుంచి నాగసానమ్మ అన్న రాయప్ప గూడా వచ్చినాడు. చెడ్డోడు గాదు ఆయప్ప, వెన్న మాదిరి మనసు, కాకపోతే నోరు ఊరికే ఉండదు. రేపు కత్తి ఇస్తారనంగా, బంతిలో కూసోని తింటా ఉంటే, వడ్డించేవాడు ఎవుడో సింగప్పను చూసి, "ఎంతన్నా ముందు పుట్టినోని తీరే వేరప్పా, ఆ నడకే దొర నడక" అనె. దానికి రాయప్ప పప్పు కలుపుకుంటా, "ముందు పుట్టినోడేంది? వెనక పుట్టినోడు గదా పెద్దోడు" అనె. అంతే. బంతిలో చేతులు ఆడనే నిలిచిపాయె. "అదెట్లబ్బా, వెనక పుట్టినోడు పెద్దోడెట్లవుతాడు?" అని ఒగరు. "అట్లంటారేంది, మా పాళెంలో తాతల కాలం నుంచి అంతే గదా! కడుపులో ముందు పడినోడు అడుగున ఉంటాడు, వెనక పడినోడు వాకిలి కాడ ఉంటాడు. జొన్నపాతర తీసినప్పుడు ముందు పోసిన జొన్నలు కడాన రావా ఏంది? అందుకే వెనకొచ్చినోడు పెద్దోడు. మీ లెక్క ఇట్ల గాదా?" అని ఆయప్ప అమాయకంగా అందురి మొగాలు చూసె. గాదు. ఈ కోటలో లోకంలోకి ఎవుడు ముందొస్తే వాడే పెద్దోడు.

ఇప్పుడు అర్థమాయెనా మీకు? కాకపోతే మల్ల చెప్తా వినండి, ఆ కోటలోనే సగం మందికి అర్థం గాల్యా, మీకు గాకుంటే తప్పేం ల్యా. తాడు కట్టినది లింగవ్వ. లింగవ్వ మద్దిపాళెం మనిషి. ఆయమ్మ తన ఊరి లెక్కన కట్టింటే, నల్లతాడు సింగప్ప వెనక పుట్టినోడు. వెనక పుట్టినోడంటే ఈ కోట లెక్కన చిన్నోడు. అట్లయితే కత్తి కోనప్పది. గాదు, బిడ్డలు నల్లగుండ్ల దొర బిడ్డలు గదా అని ఈ కోట లెక్కన కట్టింటే, సింగప్ప ముందు పుట్టినోడే, కత్తి సింగప్పదే. ఏ లెక్కన కట్టిందో ఎవురికి తెలుసు? పెద్దోడు అని చెప్తే పెద్దోడే అనుకున్యారు, ఎట్ల పెద్దోడు అని ఎవురడుగుతారు? లింగవ్వను అడుగుదామంటే ఆయమ్మ పోయి ఎన్నేండ్లో ఆయె. ఇంగ మిగిలింది ఎవురు? తల్లి. అందురి కండ్లూ నాగసానమ్మ మింద పడె.

నాగసానమ్మ తల పట్టుకుని కూసునె. నిజంగా ఆయమ్మకు తెలీదు. దేవుని మీద ప్రమాణం, తెలీదు. యోచన చేసింది, చేసింది, చేసింది. మొదుట ఒగ ఏడుపు వినబడినట్ల జ్ఞాపకం. దాని ఎనక ఇంగొగ ఏడుపు. మొదటి ఏడుపు ఎవునిది? చిన్నబిడ్డ ఏడుపుకు పేరుంటుందా? ఒగ తూరి సింగప్పదే అనిపిస్తుంది. కొంచేపటికి గాదు గాదు కోనప్పదే అనిపిస్తుంది. ఇంగ కొంచేపటికి ఆ ఏడ్చింది బిడ్డ గాదు, నేనేనేమో అనిపిస్తుంది. మద్దిపాళెమోళ్ళు వచ్చి పాతర సంగతి చెప్తే అవును గదా అనేది. కోటోళ్ళు వచ్చి, "దొరసానమ్మా, దొడ్లోంచి గొర్రెల్ని వదిల్తే ముందొచ్చిన గొర్రెను ముందుది అంటామా వెనకది అంటామా" అంటే, అదీ నిజమే గదా అనేది. పాపం, ఏది వింటే అదే నిజం మాదిరి ఉండాది. కాళ్ళీడ్చుకుంటా ఇంట్లోకి పోయి, ఎందుకు పోయిందో మర్సిపోయి మల్ల బయటికొచ్చేది.

ఇట్ల గాదని లింగవ్వ కూతుర్ని పిలిపించింది. "ఏమ్మా, మీయమ్మ ఎంబడి నువ్వు గూడా తిరుగుతా ఉంటివి గదా. మీయమ్మ ఏ లెక్కన తాడు కట్టేది?" అనె. "ఇంగేముందమ్మా, మా పాళెం లెక్కనే" అనె ఆ బిడ్డ. "అయితే సింగప్ప వెనక పుట్టినోడేనా?" అంటే, "ఆ... అట్ల గాదమ్మా, పరాయి ఊరోళ్ళ బిడ్డలకైతే వాండ్ల లెక్కనే కట్టేది" అనె. "అయితే ముందు పుట్టినోడేనా?" "ముందు పుట్టినోడేనమ్మా. కాకపోతే మీ కోట లెక్క వేరే అని మాయమ్మకు ఎవురన్నా చెప్పినారో లేదో." "చెప్పలేదేమో!" "అయితే వెనక పుట్టినోడే." నాగసానమ్మకు కండ్లు తిరిగె. "నా తల్లీ, నువ్వు రాకముందు నాకు సగమే మతి పోయిండె, ఇప్పుడు పూర్తిగా పాయె, ఇంగ పో" అని రవిక గుడ్డ పెట్టి పంపించింది.

ఇప్పుడు అసలైనోడు వస్తాడు చూడండి. గంగినాయడని చనిపోయిన దొర తమ్ముడు, నాగసానమ్మకు మరిది. ఆయప్పకు ఆ కోట మింద ఎప్పుట్నుంచో కన్ను. అన్నదమ్ములు కొట్టుకుని వారసుడు తేలకపోతే, పైన రాజు కోటను తనకే ఇస్తాడని ఆశ. ఏం చేసినాడంటే, పొద్దున్నే సింగప్ప కాడికి పోయి, "పెద్దోడివి నువ్వేరా, మీయమ్మకు తెలుసు, కోనప్ప మింద ప్రేమతో దాస్తా ఉండాది" అనె. ఎండెక్కినాక కోనప్ప కాడికి పోయి, "పెద్దోడివి నువ్వేరా, మీయమ్మకు తెలుసు, సింగప్పకు భయపడి దాస్తా ఉండాది" అనె. పైన ఉండే రాజుగారికి మనిషిని గూడా పంపించె, ఈడ వారసుడు తేల్యా, వచ్చి తేల్చండి అని. చూసినారా, కొంప అంటుకుని ఏడుస్తా ఉంటే చుట్టకు నిప్పడిగేవోడు ఒగడుంటాడు. ఈయప్ప అడిగేవోడు గాదు, అంటించి అడిగేవోడు.

కోనప్ప వచ్చినాడు తల్లి కాడికి. ఆయమ్మ గోవుకు తవుడు కలుపుతా ఉండె. వాడు పక్కన గొంతుక్కూసోని, "అమ్మా, మొన్నటిదాకా నాకేం బాధ ల్యా. చిన్నోడంటే చిన్నోడే అనుకుంటి. ఇప్పుడు అన్నను చూస్తే నాది ఏందో గుంజుకున్నట్ల ఉండాది. అన్నా అని పిలుద్దామంటే నోరు రాల్యా. చెప్పమ్మా, నేనే పెద్దోన్నా?" అనె. ఆయమ్మ, "నాకు తెలీదు నాయనా" అనె. వాడు తల్లి మొగం చూసి, "చెప్పవులే" అని లేచిపాయె. ఆ మాపుసారి సింగప్ప వచ్చె. దొర కొడుకు, వాకిట్లో నిలబడి చిన్నబిడ్డ మాదిరి కండ్లు తుడుచుకుంటా ఉండాడు. "వాడు నన్ను అన్నా అనల్యామ్మా. ఓయ్ అన్యాడు. పుట్టినప్పట్నుంచి నేను వాని అన్ననే గదా, ఇప్పుడు గాదంటే ఇంగ నేనెవుర్ని? నువ్వన్నా చెప్పు." అదే మాట చెప్పింది ఆయమ్మ, "నాకు తెలీదు నాయనా." వాడూ నమ్మల్యా. కన్నతల్లికి తెలీదంటే ఎవురు నమ్ముతారు? మీరు నమ్ముతారా? నమ్మరు. నేను చెప్పబట్టి నమ్ముతా ఉండారు.

మరుసటి దినానికి ఏమైందంటే, సింగప్ప తూర్పు బురుజెక్కి కూసునె, కోనప్ప పడమటి బురుజెక్కి కూసునె. ఒగని ఎంబడి కొందురు, ఇంగొగని ఎంబడి కొందురు, బల్లేలు నూరుకుంటా ఉండారు. ఒగే తట్టలో తినినోళ్ళకు వేరేవేరే పొయ్యిల మింద సంగటి ఉడుకుతా ఉండాది. నాగసానమ్మ కోట నడి వాకిట్లో నిలబడి తూర్పు చూసేది, పడమర చూసేది. సింగప్ప అంటే కోనప్పోళ్ళు వాన్ని బతకనీరు. కోనప్ప అంటే సింగప్పోళ్ళు వీన్ని బతకనీరు. ఏ పేరు నోట్లోంచి వచ్చినా ఒగ కొడుకు పోతాడు. నాలిక కోసుకుందామా అని గూడా అనుకుందంట. కోసుకుంటే చేత్తో చూపించమంటారు గదా అని మానుకుందంట. అంతగా దిక్కు తోచల్యా ఆయమ్మకు.

రాజుగారి మనిషి వచ్చె. ఎండలో గుర్రమెక్కి వచ్చినాడేమో చిరాకుగా ఉండాడు. కచేరి ముందర అందుర్నీ కూడబెట్టినారు. ఈపక్క సింగప్ప, వాని మనుషులు, ఆపక్క కోనప్ప, వాని మనుషులు, నడాన గంగినాయడు తలపాగా కొత్తది చుట్టుకుని నిలబడినాడు. కత్తి తెచ్చి నాగసానమ్మ చేతిలో పెట్టినారు. ఆయమ్మ ఒగ అడుగు సింగప్ప దిక్కు వేసె. కోనప్పోళ్ళు బల్లేలెత్తినారు. నిలిచిపాయె. కోనప్ప దిక్కు తిరిగె. సింగప్పోళ్ళు ఎత్తినారు. మల్ల నిలిచిపాయె. జనమంతా ఆయమ్మ ఎట్ల తిరిగితే అట్ల తలకాయలు తిప్పుతా ఉండారు. రాజుగారి మనిషికి ఓర్పు చాలల్యా. "ఏందమ్మా ఈ ఆట? కన్నతల్లివి, ఎవుడు ముందు పుట్టినాడో నీకు తెలీదా?" అనె.

అప్పుడు ఆయమ్మకు ఎక్కడలేని కోపమొచ్చె చూడండి. "తెలీదు! తెలీదు! తెలీదు! ఎన్ని తూర్లు చెప్పాల? కనేటప్పుడు నాకు ప్రాణమే ల్యాకుండె, ఎవుడు ముందు ఎవుడు వెనక అని లెక్క పెట్టుకుంటా పండుకోనుంటినా? నువ్వు పుట్టినప్పుడు ఏ మూల వాన పడిందో మీయమ్మను అడుగు పో, చెప్తుందేమో! ఎవుడు పోయినా నాకు ఒగే కడుపు కోత. ఈడ ఉండేవోళ్ళంతా పాతర అంటారు, గొర్రెలంటారు, నా బిడ్డలు జొన్నలూ గాదు, గొర్రెలూ గాదు!" అని ఏడుస్తా అరిచె. కత్తి బరువు. కింద పెడదామంటే కోట కత్తి నేల మింద పెట్టకూడదు. ఒగని చేతికిద్దామంటే ఇంగొగడు చస్తాడు. ఏం చేయాల్నో తోచక, కొంగుతో కండ్లు తుడుచుకునేదానికి చేతులు కావాల గదా, ఆ కత్తిని తెచ్చి తన నడుముకు చెక్కుకునె. అంతే, కండ్లు తుడుచుకునేదానికే. ఇంగేం ల్యా ఆయమ్మ మనసులో.

జనానికి మాత్రం అది వేరే మాదిరి కనపడె. కోట కత్తి నడుముకు చెక్కుకునేది దొర గదా. వెనక యాడనో ఒగ ముసలోడు అలవాటున వంగి దండం పెట్టె. వాన్ని చూసి పక్కనోడు పెట్టె. రాజుగారి మనిషి గంగినాయని దిక్కు తిరిగి, "ఏమయ్యా, మీ ఆచారమేంది? తల్లి కత్తి ఇయ్యకపోతే ఏమవుతుంది?" అనె. గంగినాయడు ఎగిరి గంతేసినంత పని చేసి, "చెల్లదు దొరా! తల్లి చేత్తో ఇస్తేనే చెల్లుతుంది. వేరేవోడు ముట్టుకోకూడదు" అనె. ఆ మాటతో వారసుడు ల్యాకుండా పోతాడని ఆయప్ప లెక్క. "ఎవురూ ముట్టుకోకూడదా?" "ఎవురూ." "నువ్వు గూడా?" "నే... నేను గూడా." "మరి ఇచ్చేదాకా కత్తి ఎవురిది?" గంగినాయడు నేల చూసె, ఆకాశం చూసె. "ఇచ్చేదాకా... ఆయమ్మదే" అనె. రాజుగారి మనిషి గుర్రం దిక్కు నడుస్తా, "కత్తి ఎవురి నడుముకు ఉంటే వాండ్ల కాడ కప్పం అడుగుతాం, మాకేం" అని చెప్పి పాయె. నాగసానమ్మ ఇంగా కండ్లు తుడుచుకుంటానే ఉండాది. ఏం జరిగిందో అందురికన్నా కడాన తెలిసింది ఆయమ్మకే.

అట్ల ఆడది ఏలబట్టె నల్లగుండ్ల కోటను. ఏండ్లు ఏలినాది. మొదుట్లో ఎవురన్నా, "దొరసానమ్మా, ఏమన్నా జ్ఞాపకమొచ్చెనా?" అంటే, "వస్తా ఉండాది నాయనా, వచ్చినాక ఇస్తాలే" అనేది. నడుముకు కత్తి ఉండంగా ఎవురు గట్టిగా అడుగుతారు? కొడుకులకు ఒగ్గటే ఆజ్ఞ పెట్టె, ఒగే పొయ్యి, ఒగే తట్ట, ల్యాకుంటే ఇద్దురికీ బువ్వ ల్యా అని. కొన్నాళ్ళు మొగాలు మాడ్చుకుని తినినారు. రానురాను కోనప్ప నోటికి మల్ల "అన్నా" వచ్చె. కోడండ్లొచ్చినారు. కోనప్ప పెండ్లాము ముందు నెల తప్పితే, నాగసానమ్మ పుట్టినింటికి పంపనే పంపల్యా. కోటలోనే పురుడు పోయించి, మంత్రసాని పక్కన తాను కూసోని, రెప్ప గూడా కొట్టకుండా చూసినాదంట. ఒగడే పుట్టినాడు. "ఒగడేనా? ఇంగ ల్యాడా? బాగా చూడవే" అని మంత్రసానిని సతాయించి, అప్పుడు నిమ్మళించింది. ఆ మనవడు మీసాలకొచ్చినాక, కత్తిని కోడలి చేతిలో పెట్టి, ఆ తల్లి చేత్తోనే వానికి ఇప్పించింది. సింగప్పే వాన్ని భుజానెత్తుకుని కోటంతా తిప్పినాడు. అట్ల ఆ వంశం నిలబడె. గంగినాయడు? ఆయప్ప మజ్జిగ తాగకుండా జాగర్తగా చాన్నాళ్ళు బతికినాడంట, ఎవురికేం లాభం.

కడాన నాగసానమ్మ గూడా ముసిల్దైపాయె, ఒగ పొద్దు కన్ను మూసె. పాడె మింద తీస్కపోయి చితి మింద పెట్టినారు. మన ఆచారం మీకు తెలుసు గదా, తండ్రికి కొరివి పెట్టేది పెద్దకొడుకు, తల్లికి పెట్టేది చిన్నకొడుకు. కోనప్ప కొరివి అందుకునె, ఎర్రతాడోడు గదా. అప్పుడు సింగప్ప, నెరిసిన మీసాలోడు, అడ్డమొచ్చి చెయ్యి పట్టుకునె. "ఆగు. అమ్మకు నేను పెడతా. నేను చిన్నోన్ని" అనె. "నువ్వు చిన్నోడెట్లవుతావన్నా? నల్లతాడు నీకు కట్టినారు, నువ్వే పెద్దోడివి" అని కోనప్ప. "లింగవ్వ మద్దిపాళెం లెక్కన కట్టింది రా, నేను వెనక పుట్టినోన్ని." "గాదు, కోట లెక్కన్నే కట్టింది, వెనక పుట్టింది నేను. అమ్మకు నేనే." ఇద్దురూ ఒగే కొరివి పట్టుకుని గుంజుకుంటా, చిన్నబిడ్డల మాదిరి ఏడుస్తా ఉండారు, వదలరు. చూసి చూసి ఒగ ముసలాయప్పకు తిక్కరేగె. "ఏందిరా మీ కథ? ఆ పొద్దు ఇద్దురూ పెద్దోళ్ళమంటిరి, ఊరు తగలబెట్టేదానికొస్తిరి. ఈ పొద్దు ఇద్దురూ చిన్నోళ్ళమంటారు. ఈ కోటలో ఇంగ పెద్దదిక్కనేదే ల్యాదా?" అనె. సింగప్ప కొరివి వదల్లేదు. చితి దిక్కు చూసి, "ఉండె తాతా. ఒగతే ఉండె. ఇప్పుడు పాయె" అనె.

కొరివి ఎవురు పెట్టినారంటారా? ఏమో. మా జేజి ఈ కథ చెప్తా చెప్తా ఈడికొచ్చేసరికి ముక్కు చీదుకుంటా లేచిపోయేది, నేను అడగల్యా. మీరు గూడా అడగొద్దండి. ఎవుడు ముందో ఎవుడు వెనకో తేల్చబోతే ఏమయ్యిందో ఇంతసేపూ చెప్పినా గదా, మల్లా అదే అడుగుతారా? లేయండి, పొయ్యి మింద కూర మాడిపోతా ఉండాది.